లాబ్రడార్‌కి లూజ్ మోషన్లు, చేతిలో ప్రీబయాటిక్ డబ్బా: ముందు చూడాల్సింది వేరే ఉంది

విడవలూరు నుంచి ఒక మిత్రుడు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ. మూడేళ్ల మగ లాబ్రడార్, 31 కిలోలు. రెండు పూటలా డ్రై ఫుడ్, మధ్యాహ్నం కాస్త పెరుగన్నం. రొయ్యల గుంటల దగ్గరికి రోజూ ఆయన వెంట వెళ్లొస్తుంది. రెండు మూడు నెలలుగా మోషన్ ఒక వారం బాగుంటే ఇంకో వారం పేడలా పడుతోంది, అప్పుడప్పుడూ బంక కనిపిస్తోంది. తిండి బాగానే తింటోంది, హుషారుగానే ఉంది. పెట్ షాపు ఆయన ప్రీబయాటిక్ పొడి డబ్బా ఇచ్చి రోజూ పూటకో చెంచా కలపమన్నాడు. కలిపాక గ్యాస్ ఎక్కువై మోషన్ ఇంకా పలచబడింది. బావమరిదేమో వెల్లుల్లి మంచి ప్రీబయాటిక్, అదే పెట్టు అంటున్నాడు. పొడి కొనసాగించాలా, మానేయాలా, వేరేది కొనాలా?

నేను నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పశువైద్యుడిగా చేసి రిటైరైనవాణ్ణి. జవాబు ముందే చెప్పేస్తాను. పొడి ఇవాళే ఆపండి. వెల్లుల్లి జోలికే పోవద్దు. రేపు పొద్దున మలం పరీక్షకి ఇవ్వండి. ఎందుకో ఇప్పుడు వివరంగా చెబుతాను.

మీరు గుంటలు చేసే మనిషి కాబట్టి ప్రీబయాటిక్ సంగతి మీకు చెప్పడం తేలిక. గుంటలో వదిలే ప్రోబయాటిక్ అంటే బ్యాక్టీరియా. వదిలే ముందు దాన్ని బెల్లం, తవుడు, ఈస్ట్ వేసి డ్రమ్ములో నానబెడతారు కదా, ఆ బెల్లమూ తవుడూ బ్యాక్టీరియాకి మేత. ప్రీబయాటిక్ అంటే ఆ మేత మాత్రమే, బ్యాక్టీరియా కాదు. కుక్క చిన్నపేగు దీన్ని అరిగించుకోలేదు. అరగకుండానే పెద్దపేగు దాకా వెళ్లి, అక్కడ ముందు నుంచీ ఉంటున్న మంచి బ్యాక్టీరియాకి తిండి అవుతుంది. ఈ ఆలోచనకి 1995లో గిబ్సన్, రాబర్‌ఫ్రాయిడ్ అనే శాస్త్రవేత్తలు పేరు పెట్టారు, అదీ మనుషుల ఆహారం విషయంలో. కుక్కల డబ్బాల మీదికి ఆ తర్వాత ఎక్కింది. మరి బెల్లం మోతాదు మించితే గుంటలో ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. బ్యాక్టీరియా ఒక్కసారిగా విజృంభించి, తెల్లారేసరికి డీఓ, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, పడిపోయి, రొయ్య పైకి తేలుతుంది. మీ వాడి కడుపులో పొడి చేసిన పనీ ఆ బాపతుదే.

పేగులో బ్యాక్టీరియా ఈ మేతని పులియబెట్టి అసిటేట్, ప్రొపియొనేట్, బ్యుటిరేట్ అనే చిన్న ఆమ్లాలని తయారు చేస్తుంది. వీటిలో బ్యుటిరేట్ ముఖ్యం. పెద్దపేగు లోపలి పొరలో ఉండే కణాలకి ప్రధాన ఇంధనం అదే. ఈ ఆమ్లాల వల్ల పేగులో పులుపు కాస్త పెరిగి చెడు బ్యాక్టీరియాకి ఇబ్బంది అవుతుంది, నీరు, లవణాలు పేగులోంచి ఒంట్లోకి బాగా ఇంకుతాయి, మోషన్ గట్టిపడుతుంది. ప్రీబయాటిక్ వల్ల మేలు జరిగేది ఈ దారిలోనే. అయితే పులిసేటప్పుడు గ్యాస్ కూడా పుడుతుంది. మేత ఎక్కువైతే పులియకుండా మిగిలింది నీటిని పేగులోకి లాగుతుంది. అందుకే తక్కువ మోతాదులో మోషన్ గట్టిపరిచే పదార్థమే, ఎక్కువ మోతాదులో పలచన చేస్తుంది. పైగా కుక్క పెద్దపేగు చాలా పొట్టి, మీటరు కూడా ఉండదు. ఒంగోలు గిత్తలాగా గడ్డిని గంటల తరబడి పులియబెట్టుకుని బతికే జంతువు కాదది. తట్టుకునే హద్దు చిన్నది.

ఇప్పుడు మోతాదు లెక్క చూద్దాం. మీ వాడి బరువుకి రోజుకి దాదాపు 350 గ్రాముల డ్రై ఫుడ్ తింటాడు. ఎఫ్ఓఎస్ (ఫ్రక్టో ఆలిగోశాకరైడ్లు), ఇనులిన్ లాంటి ప్రీబయాటిక్ పీచులని కుక్కల మీద పరీక్షించినప్పుడు సాధారణంగా వాడేది ఆహారంలో అర శాతం నుంచి ఒక శాతం. అంటే రోజు మొత్తానికి సుమారు రెండు నుంచి మూడున్నర గ్రాములు. మీరు పెడుతున్న ఫుడ్ సంచీ వెనక పదార్థాల జాబితాలో ఎఫ్ఓఎస్, ఎంఓఎస్, చికోరీ, ఇనులిన్, బీట్ పల్ప్, ఈస్ట్ సెల్ వాల్ అనే పేర్లలో ఏవైనా ఉన్నాయేమో చూడండి. కాస్త మంచి రకం ఫుడ్ అయితే రెండు మూడు తప్పకుండా ఉంటాయి. అంటే కంపెనీ వాళ్లే ఒకసారి కలిపేశారు. దాని మీద మీరు పూటకో చెంచా, అదీ గోపురం చెంచా కలిపితే హద్దు దాటిపోతుంది. గ్యాస్ అందుకే వచ్చింది. పెట్ షాపు ఆయన దురుద్దేశంతో ఇచ్చాడని నేననను గానీ, ఏ ఫుడ్ పెడుతున్నారని ఒక్క మాట అడిగి ఉండాల్సింది.

లేబుల్ గురించి ఇంకో మాట. సంచీ మీద క్రూడ్ ఫైబర్ 4 శాతం అని ఉంటే అందులో ప్రీబయాటిక్ ఎంతో తెలుస్తుందనుకుంటారు చాలామంది. తెలీదు. ఆ పరీక్ష పొట్టు లాంటి కరగని పీచునే ఎక్కువగా లెక్కిస్తుంది. నీళ్లలో కరిగే ఎఫ్ఓఎస్, ఇనులిన్ అందులోకి రావు. దానికన్నా జాబితాలో వరస చూడటం మేలు. పదార్థాలని బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకి రాస్తారు. ఉప్పు పేరు ఎక్కడుందో వెతకండి. ఉప్పు వేసేదే కొంచెం. దానికన్నా చాలా కింద చికోరీ పేరుంటే అది పేరుకే ఉందని అర్థం. ముందు వైపు పెద్దక్షరాలతో గట్ హెల్త్ అని ఎంత మెరిసినా సరే.

ఈ పేర్లన్నీ ఒకే పని చేసేవి కావు. ఎఫ్ఓఎస్, ఇనులిన్ త్వరగా పులుస్తాయి, గ్యాస్ తెచ్చేది ఎక్కువగా ఇవే. ఎంఓఎస్ ఈస్ట్ కణం పైపొర నుంచి తీసేది. ఈకొలై, సాల్మొనెల్లా లాంటివి పేగు గోడని పట్టుకోబోయి దీన్ని పట్టుకుని బయటికి పోతాయి. రొయ్యల మేతలోనూ ఇది కలుపుతారు కాబట్టి ఈ పేరు మీరు వినే ఉంటారు. చక్కెర దుంప పిప్పి, అంటే బీట్ పల్ప్, నిదానంగా పులుస్తుంది, కొంత పీచుగానూ ఉపయోగపడుతుంది. ఎన్నో ఏళ్లుగా కుక్కల ఆహారంలో వాడుతున్న సరుకు, పేరుకి ఘనంగా లేకపోయినా నా లెక్కలో మంచిది. మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, గుంటల కోసం కొన్న ప్రోబయాటిక్, ఈస్ట్ పొడులు ఎట్టి పరిస్థితిలోనూ కుక్కకి పెట్టొద్దు. షెడ్డులో సంచీ ఉంది కదా, అన్నీ బ్యాక్టీరియాలే కదా అని పెట్టేవాళ్లున్నారు. అవి నీటి కోసం, మట్టి కోసం తయారు చేసినవి. కుక్క నోట్లోకి వెళ్లే సరుకుకి ఉండాల్సిన శుభ్రత వాటికి ఉంటుందన్న హామీ లేదు.

సరే, పొడి ఆపారు. కానీ పొడి కొనకముందు నుంచే మోషన్ బాగోలేదు కదా. అసలు కారణం అక్కడ వెతకాలి. మీ ప్రశ్నలో నాకు గట్టిగా తగిలిన ముక్క 'రోజూ గుంటల దగ్గరికి వస్తుంది' అన్నది. గట్టు మీద కుక్క ఏం చేస్తుందో ఒక పూట ఫోన్ జేబులో పెట్టి వెంట నడిచి చూడండి. కట్టకి కొట్టుకొచ్చిన చచ్చిన రొయ్యని గుటుక్కున మింగుతుంది. మేత సంచీల దగ్గర రాలిన గుళికలు నాకుతుంది, వాటికి చేపపొడి వాసన కదా, లాబ్రడార్ వదలదు. కాలవ నీళ్లు తాగుతుంది. కొంగలు, ఎలుకలు, ఊరకుక్కలు తిరిగిన తడి ఇసకలో పొర్లుతుంది. మీరు ఇంట్లో కొలిచి పెట్టే 350 గ్రాములు ఒక లెక్క, గట్టు మీద తినేది ఇంకో లెక్క.

ఈ తీర ప్రాంతంలో వారం బాగుండి వారం చెడే మోషన్ చూస్తే నేను ముందు అనుమానించేది రెండిటిని. ఒకటి జియార్డియా. కలుషితమైన నీటితో వచ్చే ఏకకణ జీవి. మలంలో రోజూ కనబడదు, ఒక రోజు పడుతుంది, రెండు రోజులు పడదు. అందుకే ఒక్క పరీక్షలో లేదంటే లేనట్టు కాదు. వారంలో మూడు వేర్వేరు రోజుల మలం చూపించాలి. ఇంకొకటి కొంకి పురుగులు, అంటే హుక్‌వార్మ్‌లు. తేమ, ఇసక, వేడి మూడూ ఉన్న నేల వీటి పిల్ల పురుగులకి స్వర్గం, పాదాల చర్మం గుండా కూడా లోపలికి పోతాయి. ఇవి పేగు గోడకి అంటుకుని రక్తం తాగుతాయి. మీ వాడి పై పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి. గులాబీ రంగులో తడిగా ఉండాలి. పాలిపోయి తెల్లగా ఉంటే ఆలస్యం చేయొద్దు. మొన్ననే డీవార్మింగ్ వేశాం సార్ అంటారు చాలామంది. మూడు నెలలకోసారి వేసే ఆ ఒక్క డోసుతో జియార్డియా పోదు, దానికి వరసగా కొన్ని రోజులు వాడే కోర్సు వేరే ఉంటుంది. అది డాక్టరు బరువు చూసి రాస్తారు.

మలం తీసుకెళ్లడానికి పెద్ద ఏర్పాటేం అక్కర్లేదు. పొద్దున వేసిన వెంటనే, మట్టి అంటని పై భాగం నిమ్మకాయంత తీసి, మూత గట్టిగా ఉండే చిన్న ప్లాస్టిక్ డబ్బాలో వేయండి. గంటా రెండు గంటల్లో ల్యాబుకి చేరితే మంచిది. ఆలస్యమయ్యేట్టుంటే ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టండి, ఫ్రీజర్‌లో వద్దు. ఎండలో బండి డిక్కీలో పెట్టుకుని ఊరంతా తిరిగి ఇస్తే అందులో చూడటానికి ఏమీ మిగలదు.

తర్వాత అడగాల్సింది ఆదివారం సంగతి. మీరు రాయలేదు గానీ నెల్లూరు ఇంట్లో ఆదివారం మిగిలిన చేపల పులుసో, మటన్ కొవ్వు ముక్కలో కుక్క గిన్నెలోకి పోకుండా ఉంటాయంటే నేను నమ్మను. ఒక కాలెండర్ తీసుకుని రెండు వారాల పాటు రోజూ మోషన్‌కి మార్కులు వేయండి. పశువైద్యులు 1 నుంచి 7 వరకు వేస్తారు. రాళ్లలా గట్టి ఉండలైతే 1, నీళ్లలా పోతే 7. కవరుతో ఎత్తితే ఆకారం చెడకుండా వచ్చి, నేల మీద మరక పెద్దగా మిగలకపోతే 2, కావాల్సింది అదే. 3 వచ్చినా కంగారు లేదు. పక్కనే ముందు రోజు బయటి తిండి ఏం తిన్నాడో రాయండి. చాలా ఇళ్లలో సోమవారం, మంగళవారం గళ్లలోనే 5లు, 6లు కనిపిస్తాయి. కారణం అక్కడే దొరుకుతుంది, డబ్బా అక్కర్లేకుండా.

వెల్లుల్లి దగ్గరికి వద్దాం. మీ బావమరిది మాటలో సగం నిజముంది. వెల్లుల్లి, ఉల్లిపాయల్లో ఇనులిన్, ఎఫ్ఓఎస్ బాగానే ఉంటాయి, మనుషులకి ప్రీబయాటిక్ తిండ్ల జాబితా రాస్తే అవే ముందుంటాయి. కుక్కకి మాత్రం వాటిలోని గంధకం పదార్థాలు ఎర్ర రక్తకణాలని పగలగొడతాయి. ఉల్లిపాయ కిలో బరువుకి 15 గ్రాములు దాటితే రక్తంలో మార్పులు కనిపిస్తాయని లెక్క ఉంది. వెల్లుల్లి అంతకన్నా కొన్ని రెట్లు ఘాటు. ఉడికించినా, వేయించినా, పొడి చేసినా ఆ గుణం పోదు. కొంచెం కొంచెంగా రోజూ పెట్టినా పోగవుతుంది. తిన్న రోజే ఏమీ కనబడదు, కొన్ని రోజులకి నీరసం, పాలిపోయిన చిగుళ్లు, కాఫీ రంగు మూత్రం వస్తాయి. పులుసన్నం వద్దనడానికి ముళ్లు, కారం ఒక కారణమైతే ఇది పెద్ద కారణం. కాఫీ అన్నాను కాబట్టి ఇదీ చెబుతాను. ఫిల్టర్ కాఫీలో కలిపే చికోరీ, కుక్క ఫుడ్ మీద రాసే చికోరీ ఒకే మొక్క వేరు. అలాగని కాఫీ పొడి పెట్టకండి, కెఫీన్ కుక్కకి విషం. పైగా వేయించాక ఆ వేరులో ఇనులిన్ కూడా తగ్గిపోతుంది.

పెరుగన్నం మానాలా అని మీరు అడగలేదు గానీ ఎవరో ఒకరు అడుగుతారు. కుక్క మాంసాహారి, అన్నం పెడితే అరగదని ఈ మధ్య బాగా ప్రచారంలో ఉంది. స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు 2013లో ప్రచురించిన పరిశోధనలో, పిండి పదార్థాన్ని అరిగించే ఏఎంవై2బీ అనే జన్యువు తోడేలుకి రెండే కాపీలుంటే కుక్కలకి నాలుగు నుంచి ముప్ఫై దాకా ఉన్నాయని తేలింది. మనిషి పంచన చేరి గింజ తిండి తిన్న ఫలితం. మెత్తగా ఉడికిన అన్నం ఆరోగ్యంగా ఉన్న కుక్కకి బాగానే అరుగుతుంది. కనిగిరి, పామూరు వైపు సంకటి తిని పెరిగిన కుక్కల్ని నేను ఎన్నో చూశాను. పెరుగులో పాల చక్కెర పాలలో కన్నా తక్కువ కాబట్టి రెండు మూడు చెంచాలు చాలా కుక్కలకి పడుతుంది. పాలు పోస్తే మాత్రం పెద్దయిన కుక్కల్లో చాలావాటికి మోషన్ పలచబడుతుంది. రాత్రి అన్నం చల్లారాక కొంత పిండి అరగని రూపంలోకి మారి ప్రీబయాటిక్‌లా పనిచేసేది నిజమే. అయితే మన ఎండలకి బయట వదిలేసిన అన్నంలో పెరిగే క్రిములు ఆ లాభాన్ని మింగేస్తాయి. ఫ్రిజ్‌లో పెట్టింది అయితే సరే.

పరీక్షలో ఏమీ లేదు, గట్టు తిండి ఆపారు, ఆదివారం గిన్నె బంద్ అయింది, అయినా బంక, మాటిమాటికీ కొంచెం కొంచెం మోషన్, ముక్కడం ఉన్నాయనుకోండి. అది పెద్దపేగు లక్షణం, దానికి పీచు బాగా పనిచేస్తుంది. నేను ముందు చెప్పేది మంచి గుమ్మడికాయ. పులుసులో వేసుకునే ఎర్ర గుమ్మడికాయ, దిష్టికి కట్టే బూడిద గుమ్మడి కాదు. చెక్కు, గింజలు తీసి, ఉప్పూ కారం ఏమీ లేకుండా ఉడికించి మెదిపి, పూటకి పెద్ద చెంచాడు. లేదంటే ఇసబ్గోల్ పొట్టు, అర టీ చెంచా, నీళ్లలో నానబెట్టి జెల్లీలా అయ్యాక ఫుడ్‌లో కలపాలి. పొడిగా చల్లి పెట్టకండి, గొంతులో ఉబ్బుతుంది. ఇసబ్గోల్ పెద్దగా పులియదు, నీటిని పట్టి ఉంచుతుంది. అందుకే గ్యాస్ తక్కువ. నాలుగైదు రోజులు చూసి, బాగుంటే ఒక చెంచా దాకా పెంచవచ్చు. రెండూ ఒకేసారి మొదలుపెడితే ఏది పనిచేసిందో మీకే తెలీదు.

లూజ్ మోషన్ అనగానే మెడికల్ షాపులో మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ తెచ్చి వేయడం మన దగ్గర మామూలైపోయింది. దయచేసి అది మాత్రం చేయకండి. ఆరోగ్యంగా ఉన్న కుక్కలకి రెండు వారాలు అది ఇచ్చి చూసిన పరిశోధనలో, మందు ఆపిన నాలుగు వారాల తర్వాత కూడా కొన్ని రకాల మంచి బ్యాక్టీరియా పూర్తిగా కోలుకోలేదు. హుషారుగా ఉండి మామూలు విరేచనాలే అయితే యాంటీబయాటిక్ వద్దని యూరప్ పశువైద్య నిపుణుల మార్గదర్శకాలు 2024లో స్పష్టంగా చెప్పాయి. చాలా కేసులు రెండు మూడు రోజుల్లో వాటంతటవే సర్దుకుంటాయి. వేరే జబ్బుకి డాక్టరే యాంటీబయాటిక్ రాయాల్సి వస్తే, కోర్సు అయ్యాక నెల రోజులు ప్రీబయాటిక్, కుక్కల కోసం తయారు చేసిన ప్రోబయాటిక్ కలిపి వాడటానికి అర్థముంది. ఈ పొడులకి నేను గౌరవమిచ్చే సందర్భం అదే. చర్మం మెరుస్తుంది, కోపం తగ్గుతుంది, ఆయుష్షు పెరుగుతుంది అని డబ్బా మీద రాసినవాటికి అంత బలమైన ఆధారాలు లేవు.

ఇవేవీ వర్తించని కుక్కలు కొన్ని ఉన్నాయి. ఆరు నెలల లోపు పిల్లకి వాంతులతో పాటు రక్తం కలిసిన దుర్వాసన మోషన్ అయితే అది పార్వో వైరస్ జబ్బు అనుకునే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి, ముఖ్యంగా టీకాలు పూర్తికాకపోతే. తారులా నల్లటి మోషన్, తిండి మానేయడం, జ్వరం, ఒంటి మీద పిడుదులు ఉంటే రక్త పరీక్ష ముందు. బాగా తింటూనే చిక్కిపోతూ, జిడ్డుగా కుప్పలు కుప్పలుగా మోషన్ వేస్తే క్లోమం సరిగా పనిచేయడం లేదేమో చూడాలి, జర్మన్ షెపర్డ్‌లలో ఇది ఎక్కువ. మూడు వారాలు దాటిన విరేచనాలకి పరీక్షల్లో ఏమీ దొరక్కపోతే డాక్టరు ఫుడ్ మార్చి రెండు వారాలు చూడమంటారు. కొంతమంది దాన్ని తేలిగ్గా తీసుకుంటారు గానీ, ఇలాంటి దీర్ఘకాలపు కేసుల్లో సగానికి పైగా సరైన ఆహారం మార్పుతోనే దారికొస్తాయి. బి12 పరీక్ష, ఎండోస్కోపీ (గొట్టం కెమెరాతో పేగు లోపల చూడటం) లాంటివి కావాల్సి వస్తే తిరుపతి వెటర్నరీ కాలేజీకి తీసుకెళ్లండి, మీకు దగ్గరే.

ఫుడ్ విషయంలో ఒక జాగ్రత్త. సముద్రం పక్కన గాలిలో తేమ ఎక్కువ. షాపులో విడిగా తూకం వేసి కవర్లో పోసే ఫుడ్ కొనకండి. అందులోని కొవ్వు పాడై, బూజు పట్టి, అదే మోషన్లకి కారణమయ్యే సందర్భాలున్నాయి. కంపెనీ సంచీ మూతి మడిచి, సంచీతో సహా మూత ఉన్న డబ్బాలో పెట్టండి. బ్రాండ్ మార్చాల్సి వస్తే పాతదాంట్లో కొత్తది పావు వంతుతో మొదలుపెట్టి వారం, పది రోజుల్లో పూర్తిగా మార్చండి.

ఇక మీ చేతిలో ఉన్న డబ్బా. పారేయక్కర్లేదు, మూత బిగించి తేమ తగలని చోట పెట్టండి. పరీక్షలన్నీ అయ్యి, మోషన్ మార్కులు వరసగా రెండు వారాలు 2, 3 దగ్గర నిలబడ్డాక, మీ ఫుడ్ లేబుల్‌లో ఏ ప్రీబయాటిక్ పేరూ లేకపోతే మాత్రమే రోజుకి పావు చెంచాతో మొదలుపెట్టండి. వారం తర్వాత అర చెంచా, అంతే, ఆపైన వద్దు. గ్యాస్ వస్తే ఒక మెట్టు దిగండి. నెల రోజులకి కాలెండర్‌లో మార్కులు ఏమాత్రం మారకపోతే ఇంకో డబ్బా కొనకండి. పరీక్ష రిపోర్టు వచ్చాక, చిగుళ్ల రంగు ఎలా ఉందో, ఫుడ్ సంచీ వెనక ఏం రాసుందో కూడా కలిపి రాయండి, చూసి చెబుతాను.